మిరపచేను మీద రెండు గీతలు

హైవేను నాలుగు లైన్లు చేస్తున్న రోజులవి. ఓ గ్రహశకలం నక్షత్రాన్ని కప్పేసే కొద్ది క్షణాలను కొలవాలని హైదరాబాదు నుంచి వెళ్ళి, చిలకలూరిపేట దగ్గర మిరపచేను గట్టు మీద టెలిస్కోపు నిలబెట్టాను. చీకటి పడుతుండగా ఆ చేను రైతు వచ్చాడు. ఉత్సాహంగా మ్యాపు చూపించాను.

"ఈ రెండు గీతల మధ్య ఆ గ్రహశకలం నీడ పోతుందండీ. మీ చేను సరిగ్గా మధ్యలో ఉంది."

ఆయన మొహం మాడిపోయింది.

"పోయినసారి సర్వేకొచ్చినాయనా ఇట్టాగే మూడు కాళ్ళ మిషను పెట్టి, రెండు గీతలు చూపించాడు. అరెకరం రోడ్డు కింద పోయింది."

"నేను ఆకాశం చూసి వెళ్ళిపోతానండీ."

"ఆయనా చూసి వెళ్ళిపోతాననే అన్నాడండీ."

టెలిస్కోపుకు అడ్డంగా నిలబడ్డాడు. బతిమాలాను, అరిచాను. కదల్లేదు.

నీడ మా ఇద్దరినీ ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు. ఆ చేను మీదుగా వెళ్తూ ఏమీ పట్టుకుపోనిది బహుశా అదొక్కటే.