పులి, బొంత, నా ఎడమ చెంప

పేట్ బషీరాబాద్‌లో పిల్లల సామాన్ల దుకాణం ఒకటి ఉంది. తలుపు నెట్టగానే ఏసీ చల్లదనంతో పాటు పౌడరు వాసన, ప్లాస్టిక్ కవర్ల వాసన, ఇంకా ఎవరి ఒంటి వెచ్చదనమూ ఎరగని కొత్త దుప్పట్ల వాసన ఒక్కసారి ముక్కు మీదికొస్తాయి. మొన్న అక్కడికి మనుమరాలికి దుప్పటి కొనడానికి పోయాను. నా బిడ్డ రజిత బాలింత, మచ్చబొల్లారంలో మా ఇంట్లోనే ఉంది కాబట్టి ఫోన్లో వీడియో పెట్టుకుని నన్ను కాపలా కాస్తోంది. దుకాణం పిల్ల ఒక్కో దుప్పటి తీసి పరుస్తుంటే, నేను ఒక్కోదాన్నీ ఎత్తి ఎడమ చెంపకు ఆనించి కళ్లు మూసుకుంటున్నాను.

"అమ్మా, గదేంది? దుప్పట్లకు ముద్దులు వెడ్తున్నవా? అందరు సూస్తున్నరు!" అంది రజిత ఫోన్లోంచి.

"సూడనియ్యే. మీ నాయినను జేసుకునేటప్పుడు గూడ గింత పరీక్ష వెట్టలే. గప్పుడన్న వెట్టాల్సుండె," అన్నాను. దుకాణం పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఈ చెంప పరీక్ష నాకు బడిలో నేర్పింది కాదు. బడికీ నాకూ ఆరో తరగతిలోనే తెగిపోయింది. పంతులు నన్ను వదిలించుకున్నాడో, నేనే పంతుల్ని వదిలించుకున్నానో ఇప్పటికీ తేలలేదు. దీన్ని నాకు నేర్పింది మా తమ్ముడు. అప్పటికి వాడికి మెడ కూడా నిలవలేదు.

మా ఇల్లు శామీర్‌పేట చెరువుకు దగ్గర. బాపు వల వేసేవాడు, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వాడవాడా తిరిగి చేపలు అమ్మేది, బాపు వాళ్లమ్మ అయిన మా అవ్వ వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చుని చినిగిన వలలు బాగుచేసేది. చలికాలం పొద్దున చెరువు మీద మంచు కట్టెల పొయ్యి పొగలా లేచేది. పిల్లలమంతా తూర్పు గోడకు బల్లుల్లా అంటుకుని ఎండ పొడ కోసం చూసేవాళ్లం, ఆ గోడ దగ్గరే చింతగింజలతో ఓమనగుంటలు ఆడుతూ, రాత్రి మిగిలిన చేపల పులుసు అడుగున చిక్కబడింది జొన్నరొట్టెకు అద్దుకుని తింటూ, ముల్లు దొరికినవాళ్లు దాన్ని పక్కవాళ్ల గుంటలో వేసి ఏమీ ఎరగనట్టు మొహం పెడుతూ.

అలాంటి చలికాలంలోనే తమ్ముడు పుట్టాడు. ఇల్లంతా వాసనలు మారిపోయాయి. అమ్మ కోసం కొట్టిన బాలింత మందు, కాయం ముద్దల ఘాటు, వాడికి పట్టించే నూనె, నీళ్లు పోశాక వేసే సాంబ్రాణి పొగ, ఇవన్నీ కలిసి చేపల వాసనను మొదటిసారి ఇంట్లోంచి వెళ్లగొట్టాయి. కాయం ముద్ద అమ్మకు ఒకటి పెట్టి అవ్వ అటు తిరిగితే నాకు ఇంకొకటి. బాలింత కంటే ఎక్కువ బలం నాకే పట్టింది.

మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. పుట్టిన పిల్లకు మొదట కొత్త బట్ట తాకించరు. నిండుగా బతికిన పెద్దవాళ్లు కట్టి, ఉతికి, మళ్లీ కట్టి మెత్తబడిన పాత బట్టే కావాలి. వాళ్ల ఆయుష్షు బట్టలోంచి పిల్లకు దిగుతుందని నమ్మకం. అందుకని అవ్వ తన పాత నూలు చీరలు రెండు తీసి బొంత కుట్టడానికి సిద్ధం చేసుకుంది. అంతలో తొట్టెల పండుగ నాడు మేడ్చల్ నుంచి బస్సు దిగింది మా అమ్మమ్మ, చంకలో పులితో.

అది పులిబొమ్మ రగ్గు. పసుపు కళ్లు, ఎర్ర నాలుక, ఒక్కో మీసం నా వేలంత. పాయసం, గారెలు, శెనగ గుడాలు తింటున్న చుట్టాలంతా విస్తర్లు వదిలి వచ్చి దాన్ని నిమిరి చూశారు. అవ్వ మాత్రం కూర్చున్న చోటినుంచి కదల్లేదు.

"వదినె, గీ పులినేడ వట్టినవ్? పొల్లగాడు సీమ లెక్కున్నడు, గది మీద వడితే మల్ల దొరుకుతడా?"

"నీ పాత పీలికల కన్న నయమే వదినె. నా మనుమడేమన్న గరీబోడా?" అంది అమ్మమ్మ, పులి తోక సవరిస్తూ.

చుట్టాల ముందు కాబట్టి పులే గెలిచింది. మూడు రోజులు తిరక్కుండానే దాని సంగతి తెలిసింది. తమ్ముడు దాని కింద చెమటతో నానిపోయాడు, మెడంతా ఎర్రగా పేలింది, రగ్గు నూగు ఊడి వాడి నోట్లోకి పోయేది. వాడు ఒక్కసారి ఉచ్చ పోస్తే పులిని పిండడానికి అమ్మా బాపూ చెరో కొసా పట్టుకోవాల్సి వచ్చేది. దడి మీద ఆరేస్తే ఎంత ఎండ కాసినా ఆరదు. మా వాడ కుక్కలు మాత్రం దాని ముందు వరసగా నిలబడి మొరిగేవి.

"నేను సెప్పలే?" అని అవ్వ అప్పుడు తన బొంత బయటికి తీసింది. తేలిగ్గా, చల్లగా, పొద్దూకేలోపు ఆరేలా రెండే పొరలు. పొల్లగాడు ఎంత తన్నినా కుట్టు ఊడొద్దని మామూలు దారం వదిలి, దబ్బనంతో, వలలు అల్లే నైలాన్ దారంతో కుట్టింది. వరస వరసకూ వల ముడి. "మనిషంత చేపను ఆపిన దారం, గీని కాళ్లకు తెగుతదా?" అని అందరికీ చూపించింది. అందరూ మెచ్చుకున్నారు. ఒక్క తమ్ముడు తప్ప.

వాణ్ని బొంతలో పెట్టగానే ఏడుపు. ఎత్తుకుంటే ఊరుకుంటాడు, మళ్లీ పడుకోబెడితే మళ్లీ ఏడుపు. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. ఘాటుకు మేమంతా దగ్గి దగ్గి చచ్చాం, వాడు మాత్రం ఏడుస్తూనే ఉన్నాడు. వాము నీళ్లు పట్టారు. అమ్మ వంకాయ మానేసింది. అమ్మ కళ్ల కింద నలుపు చూసి, పండుగకొచ్చి మా ఇంట్లోనే ఉండిపోయిన అమ్మమ్మ ఇక ఆగలేదు.

"గిట్లయితే నా బిడ్డ దక్కది. రేపు పొద్దుగాల బస్సుకు తల్లిని, పోరణ్ని మేడ్చల్ తీస్కవోత. పోరడు నడక నేర్చినంక తోలిస్త."

అవ్వ తల వంచుకుంది. నేను వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టాను. వాడు నడిచేదాకా అంటే! వాడికి బోర్లాపడటమే రాదు. అమ్మ లేని ఇంట్లో నా జోకులకు నవ్వేదెవరు?

ఆ మధ్యాహ్నం అమ్మ బట్టలు మూట కడుతుంటే, వాడి ఏడుపు ఎలాగైనా ఆపాలని నేను బొంత చాప మీద పరుచుకుని పడుకుని, వాణ్ని నా పొట్ట మీద వేసుకున్నాను. చెవిలో పులి కథ చెప్పాను. ఆ కథలో పులి ఉచ్చలో తడిసి చలికి వణుకుతుంది. కథ వాడికి నచ్చిందో, నా పొట్ట నచ్చిందో గానీ నిద్రపోయాడు. ఎడమ చెంప బొంతకు ఆనించి నేనూ నిద్రపోయాను.

చాయ్ వేళకు లేపితే కళ్లు నులుముకుంటూ లేచాను. బాపు నా మొహం చూసి ఒకటే నవ్వు.

"గిదేందే లచ్చీ, నువ్వెప్పుడు వలల వడ్డవ్?"

నా చెంప మీద గింజలు గుచ్చినట్టు వరసగా ముడుల అచ్చులు, మధ్యలో దారం గీతలు. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. దగ్గరికొచ్చి నా చెంప చూసింది. బొంత ఎత్తి అరచేత్తో రుద్దింది. ఆ చేతికేమీ తెలియలేదు. తర్వాత దాన్ని మెల్లగా తన చెంపకు ఆనించుకుని, చటుక్కున తీసేసింది.

"అయ్యో కొడుకా! గిండ్ల పండవెట్టి నీకు దిష్టి తీసిన్నా?" అంది. "ఏండ్లకేండ్లు వల గుంజి గుంజి సేతులు మొద్దువారినయే వదినె. మెత్తగున్నదనే అనుకున్న. ఇగ సేతిని నమ్మొద్దు, సెంపనడగాలె."

అమ్మమ్మ గెలిచినట్టే కదా, ఏమంటుందోనని అందరం చూశాం. ఆమె కొంగు దోపుకుని కూర్చుంది. "ముందు గా కత్తిపీట తేండ్రి," అంది. వల ముడులు విప్పితే ఊడవు, కోయాల్సిందే. కోసి, ఏరి, తన సంచిలోంచి మేడ్చల్‌కు కట్టుకుపోదామనుకున్న పాత నూలు చీర తీసి బొంత రెండు పొరల మీద పరిచింది. ఇద్దరూ చెరో వైపు కూర్చుని మామూలు నూలు దారంతో కుట్టారు, ఒకరి కుట్టు మీద ఒకరు వంకలు పెట్టుకుంటూ. నన్ను మధ్యలో కూర్చోబెట్టి వరస పూర్తయినప్పుడల్లా పిలిచేవాళ్లు: "ఓ సెంపా, ఇటు రా!"

మర్నాడు బస్సుకు అమ్మమ్మ ఒక్కతే పోయింది. తమ్ముడు ఆ బొంతలో ఎండ పొడ ముఖమ్మీద పడేదాకా నిద్రపోయాడు. పులి చెరువు గట్టున బాపు వలలు దాచుకునే గుడిసె చేరి, చివరికి మేకపిల్ల కింద పరుపైంది.

ఇప్పుడా బొంత లేదు. ఆ అవ్వలూ లేరు. దుకాణంలో చెంపకు నచ్చిన పల్చటి నూలు దుప్పటి ఒకటి తెచ్చాను గానీ, కొత్తది పిల్లకెలా కప్పను? బొంతే కుడదామని నా ట్రంకుపెట్టె తెరిచాను. అన్నీ తళతళలాడే సిల్కులాంటి చీరలు. చినగవు, మెత్తబడవు, నా తర్వాత కూడా ఇలాగే మెరుస్తుంటాయి. ఇంటి మొత్తానికి మెత్తటి పాత నూలు బట్ట మా ఆయన లుంగీ ఒక్కటే దొరికింది. ప్రస్తుతం మనుమరాలు తాత లుంగీలో దర్జాగా పడుకుంటోంది, ఆయన ప్యాంటులో తిరుగుతున్నాడు.

కొత్త దుప్పటిని మాత్రం రోజూ ఉతికి మిద్దె మీద ఆరేసి, మధ్యాహ్నాలు నేనే కప్పుకుంటున్నాను.

"కాళ్లన్న కప్పుకో, తలకాయన్న కప్పుకో, రెండు గావు," అంటాడు మా ఆయన.

"పొల్లది కప్పుకునేదెప్పుడమ్మా, పెండ్లినాడా?" అంటుంది రజిత.

"జెర్ర ఆగుర్రి. ఇంక కొత్తగనే ఉన్నది."

ఈ రోజు నిద్ర లేచి అద్దంలో చూసుకున్నాను. ఎడమ చెంప మీద ఒక్క అచ్చూ లేదు. ఉన్న గీతలన్నీ నా సొంతం. దుప్పటి మడిచి రజిత చేతిలో పెట్టాను. అవ్వ అన్నట్టు ఆయుష్షు బట్టలోంచి దిగేదే అయితే, నాది కొంత దానికి పట్టే ఉంటుంది. గురక కూడా పట్టి ఉంటుంది, ఏం చేస్తాం.