వంటవాడి ఈల

టీజిల్ ఓడలో ఎవరూ ఈల వేయకూడదు. వేస్తే తుఫాను వస్తుందంటారు. పెన్‌హాలో అనే వంటవాడు మాత్రం వేసితీరాలి. పుడ్డింగు అనే తీపి వంటకంలోకి ఎండుద్రాక్షల్లో గింజలు తీసేంతసేపూ ఈల వినిపిస్తే, అతను ద్రాక్ష నోట్లో వేసుకోవడం లేదని నమ్మకం. యుద్ధంలో అట్లాంటిక్ మీద సరుకు ఓడలకు కాపలా కాసే ఆ చిన్న ఓడ ఎంత ఊగినా, నడుముకు తాడు బిగించి గోడ కొక్కేనికి కట్టుకుని, మోచేత్తో గిన్నె అదిమిపట్టి, శ్రుతి లేని ఈల వేసేవాడు.

ఒక ఆదివారం పొద్దున శత్రు జలాంతర్గామి ఒక సరుకు ఓడను ముంచింది. నీళ్లలోంచి ముప్పై ఎనిమిది మందిని టీజిల్ మీదికి లాగారు. జలాంతర్గామి మీద టీజిల్ వదిలిన బాంబులకు వంటగది అదిరిపోయింది. ఆ తరవాత ఈల వినిపించలేదు. లెఫ్టినెంట్ ఫెల్‌గేట్ తొంగిచూశాడు.

“దొరికావయ్యా! నోట్లో ద్రాక్షేనా?”

పెన్‌హాలో ఇటు తిరిగాడు. పెదవి చీలింది, ముందుపళ్లు రెండు లేవు.

“ఊదితే గాలే వస్తోంది సార్.”

“పోయి పడుకో. ఈపూట పుడ్డింగు లేకపోతే కొంపలేం మునగవు.”

“వాళ్ల కొంప పొద్దున్నే మునిగింది సార్. పుడ్డింగు ఉండాల్సిందే.”

మళ్లీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఫెల్‌గేట్ టోపీ తీసి, పక్కన కూర్చుని గింజలు తీస్తూ ఈల అందుకున్నాడు.

“శ్రుతి తప్పుతోంది సార్,” అన్నాడు పెన్‌హాలో, తలెత్తకుండా.