మక్తల్ దగ్గర నా బుద్ధి గడ్డి తిన్న రోజు

పసిపిల్లల తిండి మీద నాలుగు ముక్కలు చెప్పమని ఇప్పుడు నన్ను పిలిచి మరీ కూర్చోబెడతారు. నిక్షేపంలాంటి పసివాడి నోటికాడి కూడు లాగేసిన డాక్టర్ని నేనేనని పాపం వాళ్లకు తెలియదు. మీకు చెబుతున్నాను, మీలోనే ఉంచుకోండి.

అప్పుడు నాకు చదువు ఎక్కువ, చెవులు తక్కువ. పుట్టి పెరిగింది కాకినాడ. చిన్నప్పటి తిండికీ పెద్దయ్యాక ఆరోగ్యానికీ సంబంధమేమిటో తెలుసుకునే పని మీద మక్తల్ దగ్గర ఒక ఊరికి నెలనెలా వెళ్లేదాన్ని. అంగన్‌వాడీలో పిల్లల్ని తూచి, ఏం పెడుతున్నారని తల్లుల్ని అడిగి రాసుకోవడం నా పని. ఆ తల్లుల్లో ఒకామె మణెమ్మ, ఆమె కొడుక్కి తొమ్మిది నెలలు. బుగ్గలు బూరెల్లా ఉన్నాయి.

"పొద్దుగాల ఇంత, మాపటికి ఇంత గుట్కా పెడ్తున్న మేడం," అని వినిపించింది నాకు.

కలం జారిపోయింది. ఎవరు నేర్పారమ్మా అంటే, వాళ్ల అత్త నేర్పిందట, మొగుడూ అదే తిని పెరిగాడట, మజ్జిగలో పిసికి పెడుతుందట. పొగాకును మజ్జిగలో ఎవరైనా పిసుకుతారా అన్న అనుమానం నాకు ఆవగింజంతైనా రాలేదు చూశారా! అది విషమని, ఇంకోసారి పెడితే బిడ్డ దక్కడని చెడామడా తిట్టి వచ్చేశాను.

మరుసటి నెల వాడి బరువు తగ్గింది. బూరెలు కాస్తా అప్పడాలయ్యాయి. మీరు వద్దన్నారని చాయలో బిస్కెట్లు ముంచి పెడుతున్నానని మణెమ్మ తలొంచుకుని చెప్పింది. వెనకే వాళ్ల అత్త గిన్నె పట్టుకుని వచ్చింది.

"గీ జొన్న గట్కల ఏం విషమున్నదో జర చూపియ్యి బిడ్డా."

గట్క! జొన్నరవ్వ మెత్తగా ఉడికించిన గట్క. నేను విన్న గుట్కా సంగతి చెప్పేసరికి అంగన్‌వాడీ టీచరు కడుపు పట్టుకుని నవ్వింది. అత్తా నవ్వింది. మణెమ్మ మాత్రం నవ్వలేదు.

"నా చేతులతోనే నా కొడుక్కు విషం పెట్టిన అనుకొని నెల దినాలు ఏడ్చిన మేడం."

ఆ చేతులు పట్టుకుని, తప్పు నాదేనమ్మా, నువ్వు పెట్టింది బంగారంలాంటి తిండి అన్నాను. నాకూ ఏడుపు ఆగలేదు. ఆమె కళ్లు తుడుచుకుని కొడుక్కో ముద్ద పెట్టింది. వాడు ఆవురావురుమంటూ తిన్నాడు. రెండో ముద్ద నా నోటికి అందించింది.

"మీరు గూడ తినుర్రి. మల్ల మర్చిపోరు."

రెండు నెలల్లో బుగ్గలు మళ్లీ బూరెలయ్యాయి. అందుకే గట్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ తల్లి ముందైనా నేను మొదట నోరు తెరిచేది, ఆమె పెట్టింది తినడానికే.