మైదానం మీద ఎరుపు

వానలు వెనకబట్టాక మా భిలాయి క్యాంప్ 2 చర్చిలో జంబుఖానాలు బయటికి తెచ్చి, ప్రహరీ మీద ఎండేసి, కర్రతో దులుపుతారు. మొన్న దులుపుతుంటే ముక్కిన నూలు వాసన, కొవ్వొత్తి మైనం వాసన, ఎన్నో ఏళ్ల కాళ్ల దుమ్ము కలిసి ముక్కుకి తగిలాయి. నా చిన్నప్పటి ఆదివారాలన్నీ ఆ వాసనలోనే ఉన్నాయి. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి నాకు ఏదీ అంత లోపలికి దిగడం లేదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటులో పనికి కుదిరాడు. అప్పటికి మాకు చర్చి లేదు. ఆరాధన ఇళ్లమ్మట తిరిగేది, ఈ వారం మా ఇంట్లో అయితే పై వారం ఇంకొకరింట్లో. నైట్ షిఫ్టు దిగినవాళ్లు కళ్లు చింతనిప్పుల్లా చేసుకుని వచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని, పాట మధ్యలోనే నిద్రపోయేవారు, వాళ్లనెవరూ లేపేవారు కాదు. రేకుల కప్పు కింద చెమట, కొబ్బరినూనె, సిగిడీ కుంపట్లో బొగ్గు పొగ కలిసి ఊపిరాడేది కాదు. లోపల పెద్దవాళ్లకే చోటు చాలక, పిల్లలం గుమ్మం అవతల ఎండలో కూర్చుని, వినపడినంత వాక్యం వినేవాళ్లం. క్రిస్మస్ ముందు ఆడవాళ్లంతా ఒకే ఇంట్లో చేరి పోకుండలు వండేవారు. బెల్లం పాకం వాసనకి పక్క వీధి ఛత్తీస్‌గఢీ పిల్లలు కూడా వచ్చి నిలబడితే, అమ్మ వాళ్ల చేతుల్లోనూ వేడివేడిగా ఒకటి పెట్టేది. వెదురుబద్దలకి గాలిపటం కాగితం అంటించి చేసిన తెల్ల నక్షత్రం మీద ప్లాంటు దుమ్ము పడి, పండగ నాటికి అది ఇటుక రంగుకి తిరిగేది.

పొద్దు గూకాక మాకో ఆట ఉండేది. ఇనుము కరిగించగా మిగిలిన మడ్డిని స్లాగ్ అంటారు. దాన్ని సలసలా కాగుతుండగానే దూరంగా తీసుకెళ్లి గుట్ట మీద పోసేవారు. పోసినప్పుడల్లా మైదానం మీద ఆకాశం ఎర్రగా వెలిగి, కాసేపుండి చల్లారేది. ఆ ఎరుపుని ముందు చూసి అరిచినవాళ్లు గెలిచినట్టు.

చర్చి కట్టుకుందామనుకున్నాక దాని చోటు దగ్గర తగువొచ్చింది. సగం మంది బజారు వెనక సందు అన్నారు, సగం మంది మైదానం అన్నారు. మాటా మాటా పెరిగి, కొందరు ఆరాధనకి రావడమే మానేశారు. సంఘం అక్కడికక్కడే విడిపోయేలా ఉంటే, చివరికి దేవుణ్నే అడుగుదామని ఉపవాసాలు పెట్టి, కోస్తా నుంచి ఒక దైవజనుణ్ని పిలిపించారు. ఆయన మా ఇంట్లో దిగాడు. సాయంత్రం ప్రార్థన చేసుకుంటానని ఒక్కడే మైదానం వైపు వెళ్లి, వణుక్కుంటూ తిరిగొచ్చాడు. ఇంటినిండా జనం.

"అగ్ని దిగిందమ్మా," అన్నాడు. "ఆ మైదానం మీద అగ్ని దిగింది. ఈ కళ్లతో చూశాను."

అక్కడున్నవాళ్లంతా ప్లాంటు మనుషులే. నాకు నవ్వు పొంగుకొస్తుంటే అమ్మ తొడ మీద గిల్లింది. ముందుగా మా నాన్న ఆమేన్ అన్నాడు, తర్వాత సందు కావాలన్నవాళ్లు కూడా అన్నారు.

ఆయన్ని రైలెక్కించి వచ్చిన నాన్నని అమ్మ నిలదీసింది.

"ఏటి, అది స్లాగని నీకు తెల్దా?"

"తెలుసు."

"మరి సెప్పవేటి?"

నాన్న చెప్పులు విప్పుతూ, "ఆయనకి అదవుపడింది. నాకు పిల్లలు ఎండలో కూకోడం అవుపడతంది. ముందు గోడలు లెగనీ," అన్నాడు.

అలా మైదానంలో లేచిన చర్చి ఇది. ఈ మధ్య ఇందులోనే మళ్లీ తగువు. రిటైరైనవాళ్లు చాలామంది ఊళ్లకి వెళ్లిపోయారు. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు కీర్తనలు హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు, ప్రసంగం మొదలవగానే లేచిపోతారు. నా దగ్గరుండి చదువుకునే కూతురి కూతురు షారోన్ కూడా అంతే, బయట గట్టు మీద ఫోను పట్టుకుని కూర్చుంటుంది. పొద్దున ఆరాధన తెలుగులోనే ఉంచాలా, హిందీలోకి మార్చాలా అని జనం రెండుగా చీలితే, ఇక్కడే పుట్టి పెరిగిన మా కుర్ర పాస్టరుగారు ఉపవాస ప్రార్థనలు పెట్టి, సంఘం ముందున్న దారేదో దేవుడు దర్శనంలో చూపించేదాకా ఎదురుచూడమన్నాడు. చర్చి కట్టడం చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలానని, ఆ ఆదివారం నన్ను నిలబెట్టాడు.

"మామ్మగారూ, దేవుడు మీకేం చూపించాడో చెప్పండి. అందరం దానికే కట్టుబడతాం."

కళ్లు మూసుకుంటే నాకు చీకటి తప్ప ఏదీ కనపడలేదు. హిందీ ప్రసంగం నాకు సగం కూడా అందదు. దేవుడు తెలుగే ఉంచమన్నాడని ఒక్క మాట అంటే ఉండిపోయేది, ఎవరూ నన్ను అడిగేవారు కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నాకేటీ అవుపడనేదు బాబూ," అన్నాను. "ఉపోసం ఉన్నాను, ఆకలేసింది, అంతే. మీరు హిందీలోనే సెప్పుకోండి. పిల్లది లోపలికొస్తే సాలు."

వెనక నుంచి, చర్చి కట్టాక వచ్చి చేరిన ఒక పెద్దాయన, "మీ నాన్నుంటే ఈ మాట అననిచ్చీవోడు కాడు," అన్నాడు. నేను కూర్చున్నాను.

ఇప్పుడు పొద్దున్న మా చర్చిలో తెలుగు వాక్యం లేదు. గోడకి ఆనుకుని నిద్రపోయే షిఫ్టు మనుషులు లేరు, పోకుండలు వండేవాళ్లూ లేరు. మొదటి హిందీ ఆదివారం షారోన్ చివరిదాకా లోపలే కూర్చుంది. ఇంటికి నడుస్తుంటే అడిగింది.

"అమ్మమ్మా, నీకు సమఝ్ అయిందా?"

"నేదు."

దారంతా తన వచ్చీరాని తెలుగులో ప్రసంగం మొత్తం నాకు చెప్పుకొచ్చింది. సంతోషపడాల్సిన విషయమేనని నాకు తెలుసు. ఊ కొడుతూ నడిచాను.