కొయ్యనివ్వని సాల్వియా

సుందరమ్మ పెరట్లో ఎవరు దేన్ని నరికినా పల్లెత్తు మాట అనదు. నూతి పక్కనున్న నీలం పూల సాల్వియా జోలికి వెళ్తే మాత్రం ఊరుకోదు. అది కూతురు ఏంజెల్ కడియం నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్క. ఏళ్ళ తరబడి బతికేదే, కాకపోతే పూత అయిపోయాక కొమ్మల్ని నేలకు జానెడెత్తున కోసేయాలి. లేదంటే ముదిరి చచ్చిపోతుంది. ఆ సంగతి చెప్పిందీ ఏంజెలే. తర్వాతి వానాకాలంలో ఆ పిల్ల జ్వరమొచ్చి పోయింది. కన్నకడుపు మరి, ఏం చెప్తాం! బిడ్డ చెయ్యి తగిలిన కొమ్మలు కదా అని సుందరమ్మ వాటి మీద కత్తెర పడనివ్వలేదు.

అంతటితో ఆగితే బాగుండును. రోజూ లైట్లు వేసే వేళకి, గాలన్నది లేకుండానే ఆ మొక్క కదిలేది. ఎవరో ఆకు నలిపినట్టు ఘాటు వాసన వంటింటి దాకా వచ్చేది.

"అమ్మాయి వచ్చిందండీ," అనేది సుందరమ్మ.

"నీకు మతి పోయిందే. ప్రభువు దగ్గరికెళ్ళిన పిల్ల పెరట్లోకి ఎందుకొస్తది?" అని భర్త మోషే అరుగు మీద పేపరు తిరగేసేవాడు.

ఈ ఏడు మొక్క నడుమంతా ఎండిపోయింది. ఒక్క పూల కంకీ వెయ్యలేదు. నవంబరులో సమాధుల పండుగ. సమాధికి సున్నం కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పూలు పరుస్తారు. నిరుటి దాకా ఏంజెల్‌కి ఈ పూలే పరిచింది. కన్నబిడ్డకి బజారు బంతిపూలు పెట్టడమేమిటి, ఖర్మ కాకపోతే! ఇప్పుడు కోస్తేనే పండుగకి పూస్తుంది. కోస్తే అమ్మాయి ఇక రాదేమో. ఆ భయంతో సుందరమ్మకి ముద్ద దిగలేదు.

"కొయ్యమని చెప్పింది అమ్మాయేగా. కోసెయ్యి," అన్నాడు మోషే.

చివరికి ఒక పొద్దున ఏడుస్తూనే కోసింది. ఆ సాయంత్రం వాసన రాలేదు. మర్నాడూ రాలేదు. కొన్నాళ్ళకి మొదట్లోంచి చిగుళ్ళు గుంపుగా లేచాయి. చూసిన వాళ్ళంతా మొక్క బతికిందన్నారు. సుందరమ్మ మాత్రం రోజూ లైటు వేసి, గుమ్మంలో నిలబడి, ఊరికే లోపలికి వచ్చేసేది. భర్తతో చెప్పలేదు. చెప్తే నవ్వుతాడు.

ఒక సాయంత్రం మోషే పేపరు మడిచి పక్కన పెట్టాడు. నూతి వైపు చాలాసేపు చూశాడు.

"ఏమే," అన్నాడు మెల్లగా, "పిల్లకి కోపమొచ్చిందంటావా? ఈ మధ్యన రాటం లేదు."