రజియా చాచీ పరదా మీద దుంకిన మత్తడి

కొబ్బరిచెట్టు, నీలం సరస్సు... మీ హాల్లో వేలాడే బొమ్మ ఇదే కదా? తాటిచెట్టంటే మీకు సిగ్గు. కాదనకండి... మీ గోడే సాక్ష్యం.

మా చిన్నప్పుడు జనగామలో ఖాదర్ చాచా ఫోటో స్టూడియో ఉండేది. ఫోటోలకు వెనక కట్టే పాత పరదా చిరిగిపోతే, ఆయన భార్య రజియా చాచీ కొత్తదానికి రంగులు వేసింది. ఒక తాటిచెట్టు... పక్కనే నిండిన చెరువు, మత్తడి మీంచి దూకే నీళ్లు. అంతే. హంసల్లేవు.

పెళ్లిసంబంధానికి ఫోటో దిగేవాళ్లు మొహం మాడ్చుకునేవారు.

"గిదేంది చాచా, తాటిచెట్టు కింద నిలవెడ్తవా? పిల్లగాడు కల్లు తాగుతడనుకుంటరు!"

గిరాకీ అంతా కొబ్బరిచెట్లున్న పక్క స్టూడియోకు పోయింది.

"జర గా చెట్టు మార్చరాదు... దుకాణం బందు పెట్టుకుందామా?" అని చాచా బతిమాలాడు.

"మార్చ. ఎవ్వలు నీళ్లు పోయకున్నా నిలవడ్డ చెట్టది" అంది చాచీ, కుంచె కడుగుతూనే.

ఆ ఏడు వానల్లేవు. చెరువులు నెర్రెలిచ్చాయి. అప్పుడే చిట్యాల నుంచి బిడ్డ ఇంటికొచ్చిన ఒక అవ్వ స్టూడియోకు వచ్చింది. తిన్నగా వెళ్లి పరదా మీది నీళ్లకు అరచెయ్యి ఆనించింది.

"మత్తడి దుంకుతాంది కొడుకా... నన్ను గీడనే నిలవెట్టు. నా ముఖం రాకున్నా మంచిదే, నీళ్లు రావాలె."

"ముఖం లేకుంటే ఫోటో ఎవ్వలదే అవ్వా?" అని నవ్వాడు చాచా.

"మా చెరువుది!"

ఆ ఫోటో దుకాణం ముందు అద్దాల బీరువాలో పెట్టాక, నీళ్లకు మొహంవాచిన జనం తిరిగొచ్చారు. పెళ్లికొడుకులే "జర మత్తడి దిక్కు జరుపు చాచా" అనేవారు...

నిండిన చెరువు తనకే దాచుకోకుండా కిందికి వదలడమే మత్తడి. ఎవరి దయా లేకుండా బతికే పొగరే తాటిచెట్టు. ఇంత మాటను రెండు గీతల్లో చెప్పిన మనిషి చాచీ. ఆమె దాన్ని కళ అనలేదు. నేనంటాను... గట్టిగా అంటాను.

ఇప్పుడు మనం ఫోన్లో ఫోటో తీసి, వెనకున్న చెట్టునూ నీళ్లనూ మసక చేసేస్తున్నాం.

ఆ పరదా మహబూబాబాద్‌లో చాచీ కూతురింటి అటక మీద ఉంది. మొన్న విప్పి చూశాను... నీళ్ల దగ్గర రంగు రాలుతోంది. అందుకే అడుగుతున్నాను:

మీ పాత స్టూడియో ఫోటోలు బయటికి తీయండి. వెనక ఏ చెట్టుందో, ఏ నీళ్లున్నాయో కింద రాయండి.

ఆ పరదాను జనగామ గ్రంథాలయంలో కట్టాలి.

దాని కింద చాచీ పేరు రాయాలి... ఖాదర్ భార్య అని కాదు, చిత్రకారిణి అని.

చాచీకి కళ్లు ఇంకా కనిపిస్తుండగానే కట్టాలి.