మిరియాల పొట్లంలో పంతులమ్మ

మొన్న ఏలూరులో ఓ కొట్టాయన మిరియాలు కాగితంలో కట్టిచ్చాడు. ఆ వాసనకి తాడేపల్లిగూడెంలో మా నాన్న కిరాణా కొట్టు గుర్తొచ్చింది.

నాన్న పాత పుస్తకాలు తూకానికి కొని, పేజీలు చింపి పొట్లాలు కట్టేవారు. చింపేలోగా నేను చదివేసేదాన్ని. చిన్నప్పుడు ఓ రోజు అట్ట ఊడి పేరైనా తెలియని ఓ నవల దొరికింది. విక్టోరియా రాణి కాలంలో, ఇంగ్లండులోని చీకటి బంగళాకి పిల్లకి పాఠాలు చెప్పడానికొచ్చిన అనాథ పంతులమ్మను ఎవరో మేడగదిలోకి తోసి గొళ్ళెం పెట్టారు. తర్వాతి పేజీ, అదే ఆఖరిది, మిరియాలతో సహా ఓ మామ్మగారి సంచిలోకి వెళ్ళిపోయింది.

"మామ్మగారూ, ఆ కాగితం ఇచ్చేయండి. వేరేది కట్టించి గుప్పెడు మిరియాలు ఎక్కువేయిస్తాను," అన్నాను.

"ఏవండీ, మీ అమ్మాయి అప్పుడే బేరాలు నేర్చేసిందండీ," అని ఆవిడ నవ్వారు.

నాన్న నవ్వలేదు. "అమ్మిన సరుకు మళ్ళీ అడక్కూడదమ్మా. ఊరుకో."

ఆవిడ ఉంగుటూరు బస్సెక్కేశారు.

ఆ పుస్తకం లోకంలో ఆ ఒక్క ప్రతే ఉందనుకున్నాను. ఇక ఆ తలుపు తీసే దిక్కు లేదని అన్నం దగ్గర ఏడుస్తుంటే, "గట్టిగా అరిస్తే ఎవరో ఒకరు తీస్తార్లేవే," అంది అమ్మ.

బేరంలో నేను ఎవరికీ తగ్గను. కానీ ఆ పంతులమ్మకి అమ్మ చెప్పినదానికంటే మంచి ముగింపు ఇన్నేళ్ళలో తేలేకపోయాను.